పది పనిదినాల్లో గ్రీకు

నాకు ప్రాచీన గ్రీకు వచ్చు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో ఏం జరుగుతుందో ముప్పై ఏళ్లుగా గమనిస్తున్నాను. ముందు కనుబొమలు పైకి లేచి జుట్టులో కలిసిపోతాయి. తర్వాత కళ్లలోకి జాలి దిగుతుంది. అది పూర్తిగా దిగకముందే ప్రశ్న వచ్చేస్తుంది: "దాంట్లో ప్యాకేజీ ఎంతుంటుందండీ?" నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు పదకొండో అంతస్తు నుంచి కిందికి దిగడానికి నలభై క్షణాలు పడుతుంది. ఆ నలభై క్షణాల్లో ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి పద్నాలుగు వేల సార్లు అడిగి ఉంటారు. అడిగినవాళ్లలో సగం మందికి తమ కంపెనీ ఏం తయారుచేస్తుందో తెలియదు. నేనూ ఎదురు అడిగి చూశాను. "మేం క్లౌడ్‌లో ఉంటామండీ" అన్నాడొకాయన, ఇంద్రుడి పక్కింట్లో అద్దెకున్నట్టు.

మా ఎదురుగా ఉన్న గేటెడ్ కమ్యూనిటీకి ఎవరో గ్రీకు పేరే పెట్టారు. పుణ్యాత్ములు చచ్చిపోయాక చేరే మైదానం పేరది. అక్కడ కొత్తగా ఫ్లాటు కొన్న పెద్దాయన కూరగాయల బండి దగ్గర అర్థం అడిగితే చెప్పాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నాలుగో నెల ఎదురై, "ఏదైతేనేం, వాస్తు మాత్రం పర్ఫెక్టండీ" అన్నాడు.

నేను పెరిగింది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. మా నాన్న కరెంటాఫీసులో గుమాస్తాగా కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు. అప్పట్లో మా వీధిలో ఇళ్లకంటే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు ఎక్కువ. ఒక్కో గోడకి పదిహేడు బోర్డులు. గోడ నిలబడింది సిమెంటు వల్ల కాదు, ఆ బోర్డుల మేకుల వల్ల. నా ఈడు ఆడపిల్లలంతా ఏదో ఒక కంప్యూటర్ భాషలో చేరిపోతుంటే, నేను ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన చిరుగుల గ్రీకు వ్యాకరణం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

"ఏవిటే అది?" అంది మా అమ్మ.

"గ్రీకు."

"అది ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చెబుతారు?"

సికింద్రాబాద్‌లో పాస్టర్లను తయారుచేసే ఒక కళాశాల ఉండేది. అక్కడొక రిటైరైన ఫాదర్, కాబోయే పాస్టర్లకి గ్రీకు చెప్పేవాడు. ఆయన దగ్గర కూర్చోవడానికి నేను రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. మతం మార్చేస్తారేమోనని మా అమ్మ రోజూ నా నుదుటిన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి పంపేది. ఫాదర్ ఆ బొట్టును ఎప్పుడూ చూసినట్టు లేదు. ఆయన చూసేది క్రియాపదాల్ని మాత్రమే. తప్పు చెబితే తిట్టేవాడు కాదు. కళ్లజోడు తీసి, జేబురుమాలుతో నెమ్మదిగా తుడిచేవాడు. అంతసేపూ నన్ను చూడటం ఆయనకి ఇష్టం లేదన్నమాట. నా చదువంతా ఆ అద్దాలు మురికి పట్టి ఉండాలన్న ఒక్క కోరికతో సాగింది.

ఆ తర్వాత స్కాలర్‌షిప్పు మీద ఒక చలిదేశంలో నాలుగేళ్లు. అక్కడి చలికి నోట్లోంచి వచ్చిన మాట గడ్డకట్టి కిందపడేది, ఏరుకుని చదువుకునేదాన్ని. డాక్టరేటు పట్టుకుని తిరిగొచ్చి ఇంటర్వ్యూలకి వెళితే, ఎక్కడికి వెళ్లినా పానెల్లో ఒక పెద్దమనిషి దయగా ముందుకు వంగేవాడు. "గ్రీకు పక్కన పెట్టండి మేడం. కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పగలరా?"

చెప్పాను. ఇరవై ఏళ్లు చెప్పాను. ఈ నగరం చుట్టూ పుట్టగొడుగుల్లా లేచిన ఇంజనీరింగ్ కాలేజీల్లో, కాంట్రాక్టు మీద, ఇంటర్వ్యూలో చెయ్యి ఎలా కలపాలో నేర్పాను. మరీ గట్టిగా కలిపితే అహంకారం, మరీ మెత్తగా కలిపితే బెరుకు. సైబరాబాద్‌లో ఇవాళ ఎవరైనా మీ చెయ్యి పట్టుకుని సరిగ్గా రెండున్నర సార్లు ఊపితే వాళ్లు నా శిష్యులు. ఒక్క ఏడాది మాత్రం ఒక ప్రిన్సిపాల్ పొరపాటున గ్రీకుని ఐచ్ఛిక విషయాల జాబితాలో వేశాడు. ముగ్గురు చేరారు. దానికి పరీక్ష కూడా ఉంటుందని రెండో రోజు తెలిసింది. మూడో రోజు బల్లలు మాత్రమే ఉన్నాయి.

అంటే ఆ ఇరవై ఏళ్లలో నా దగ్గర కరచాలనం నేర్చుకున్నవాళ్లు ఒక జిల్లాకి సరిపడా. గ్రీకు నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. మా ఆయన బ్యాంకు ఉద్యోగి, మంచివాడు. నా గ్రీకుని పెళ్లిచూపుల్లో దాచిపెట్టిన జబ్బులా ఎంచి, ప్రాణానికి ముప్పు లేదు కదా అని సర్దుకుపోయాడు.

నలభై ఎనిమిదో ఏట నా దశ తిరిగింది. ఐరోపాలో ఒక గ్రంథాలయం తన దగ్గరున్న గ్రీకు రాతప్రతులన్నీ ఫోటోలు తీయించి, అక్షరాల్లోకి ఎక్కించే పనిని హైటెక్ సిటీలోని ఒక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ ఆ పనికి ముందు పదిమంది టైపిస్టుల్ని పెట్టింది. గ్రీకు అక్షరాలు చూసి వాళ్లలో ఇద్దరికి జ్వరం వచ్చిందట. ఆ తర్వాత నన్ను వెతికి పట్టుకున్నారు. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద "సబ్జెక్ట్ మేటర్ ఎక్స్‌పర్ట్". రాయదుర్గంలో అద్దాల భవనం, పద్దెనిమిదో అంతస్తు. ఆ ఏసీలో రెండు శాలువాలు కప్పుకుని, వెయ్యేళ్ల కిందట ఏ సన్యాసో రాసిన అక్షరాలు చదువుతూ కూర్చునేదాన్ని. మూడు రాష్ట్రాల్లో వెతికినా, గ్రీకు చదివితే జీతమిచ్చే కుర్చీ అదొక్కటే. దాని మీద నాలుగేళ్లు కూర్చున్నాను.

ఆ నాలుగేళ్లలో నా కిరీటం ఒక వైద్యగ్రంథం. ఎవరో పల్లెవైద్యుడి చిట్కాలు: దగ్గుకి ఇది, మొలలకి అది, పుస్తకంలో ఒక్కో ఆకు మీద ఒక్కో వైద్యం. ఎప్పుడో ఎవడో కొత్త అట్ట వేస్తూ అంచులు కోసేయడంతో పుటల సంఖ్యలు పోయాయి. ఆకులు కలగాపులగంగా ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో వందేళ్లుగా ఎవరికీ తెలియదు. నేను తేల్చాను. తలనొప్పితో మొదలుపెట్టి, కళ్లు, గొంతు, కడుపు మీదుగా, కాలి ఆనెల దగ్గర ముగిసేలా తల నుంచి పాదం దాకా పేర్చాను. అదే వరుస అని నిరూపిస్తూ పదహారు పేజీల నోటు రాశాను. చాలా శ్రమపడ్డారని క్లయింట్ మెచ్చుకుంది. మా మేనేజరు ఆ నోటుని చదవకుండానే అందరికీ పంపాడు. నేను మాత్రం దాన్ని నెలకోసారి చదువుకుని మురిసేదాన్ని.

ఇక మా మేనేజరు. ముప్పై నాలుగేళ్ల గుంటూరు వైపు కుర్రాడు, ఎంత మర్యాదస్తుడంటే గొంతు కోసేటప్పుడు కూడా "కొంచెం తల ఎత్తండి" అంటాడు. ఒకరోజు నన్ను గాజుగదిలోకి పిలిచాడు. మా దగ్గర మీటింగ్ గదులకి నదుల పేర్లు. నన్ను గోదావరిలో కూర్చోబెట్టాడు.

"మేడం గారూ, మీరేం అనుకోకపోతే... మీ నాలెడ్జ్ మొత్తం మీ దగ్గరే ఉండిపోయిందండి. అది ప్రాజెక్టుకి రిస్కు."

"నా చదువు నా దగ్గర కాకపోతే ఎక్కడుండాలి నాయనా?"

"షేర్డ్ డ్రైవ్‌లో ఉండాలండి."

ఇక్కడ మా వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఈ ఐటీ కారిడార్లో ఎవరైనా ఉద్యోగం వదిలినా, వదిలించినా, వాళ్ల బుర్రలో ఉన్నదంతా వెనక వచ్చేవాళ్లకి ఒంపి పోవాలి. దాన్ని కేటీ అంటారు, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. పెళ్లికి ముహూర్తం లేకపోయినా జరుగుతుందేమో గానీ కేటీ లేకుండా ఇక్కడ మనిషి గేటు దాటడు.

"ఎన్ని రోజులు?" అన్నాను.

"టెన్ వర్కింగ్ డేస్ అండి. ఇన్సూరెన్స్ ప్రాజెక్టయితే ఐదే ఇస్తాం. గ్రీకు కదా అని పది పెట్టించాను." నా కోసం ఎవరితోనో యుద్ధం చేసి గెలిచొచ్చినట్టు చెప్పాడు. "పదో రోజు రివర్స్ కేటీ ఉంటుందండి. నేర్చుకున్నవాళ్లు క్లయింట్ ముందు అప్పజెప్పాలి. క్లయింట్ ఓకే అంటే మీరు ఫ్రీ అండి."

"ఫ్రీ అంటే?"

"రిలీవ్ అండి."

"ఓకే అనకపోతే?"

పాపం, నోరు జారాడు. "అప్పుడు మిమ్మల్నే కంటిన్యూ చెయ్యాల్సి వస్తుందండి."

గోదావరిలోంచి బయటికి వచ్చేసరికే నా పథకం తయారైంది. నేర్చుకునేవాళ్లు తప్పితే నా కుర్చీ నాదే. ఎదుటివాడికి గ్రీకు రాకుండా చూడటం ఎంతసేపు? ఈ నగరంలో కోటిమందికి రాకుండా నేను ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఇద్దరిని చూడలేనా?

కేటీకి ఎప్పుడూ ఇద్దరుంటారు, ఒకరు ప్రైమరీ, ఒకరు సెకండరీ. సెకండరీని నేను ఈ రోజుకీ చూడలేదు. స్క్రీన్ మీద ఒక బూడిదరంగు వృత్తం. పది రోజుల్లో ఆ వృత్తం మాట్లాడింది పదే సార్లు, రోజూ చివర్లో: "నో క్వశ్చన్స్ ఫ్రమ్ మై సైడ్."

ప్రైమరీ మాత్రం రక్తమాంసాలతో వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, శంకర్‌పల్లి దగ్గరి ఊరు, మదీనాగూడ హాస్టల్లో ఉంటుంది. ఇంజనీరింగ్ చదివి, చేరిన దగ్గర్నుంచీ ఏ ప్రాజెక్టూ దొరక్క ఖాళీగా కూర్చుంది. ఖాళీగా ఉన్నవాళ్లని ఎక్కువ రోజులు ఉంచుకోరు కాబట్టి, ఏది ఇస్తే అది పట్టుకుంది.

"మేడం, గ్రీకు అంటే జావా లెక్కనా, పైథాన్ లెక్కనా?" అంది మొదటిరోజు.

"రెండూ పుట్టకముందు రెండువేల అయిదొందల ఏళ్ల నాటిది."

"అబ్బో! లెగసీ కోడ్ అన్నట్టు." నోటుబుక్కు తెరిచింది.

నేను కసి తీరా మొదలుపెట్టాను. ఎవరైనా అక్షరాలతో మొదలుపెడతారు. నేను స్వరచిహ్నాల నియమాలతో మొదలుపెట్టాను. అవి విని చలిదేశంలో నా తోటి విద్యార్థి ఒకడు చదువు మానేసి రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. ఈ పిల్ల తల వంచుకుని రాసుకుంది. రెండోరోజు ఒకే క్రియకి మూడొందల రూపాలు బోర్డు మీద పరిచాను. బోర్డు చాలక గాజుగోడ మీద రాశాను, గోడ చాలక తలుపు మీద రాశాను. పిల్ల పెన్ను ఆపి కాసేపు చూసింది.

"గివి మా ఊరి చుట్టాల లెక్క ఉన్నయి మేడం."

"ఏమిటీ?"

"మనిషి ఒక్కడే. ఒకరికి మామ, ఒకరికి బావ, ఒకరికి పాలోడు. ఎవని పక్కన నిలవడితే గట్ల మారుతడు. మనిషిని గుర్తువడితే అయిపాయె, ఇగ ఫికర్ ఏంది?"

నాలుగేళ్లు నాకు పాఠం చెప్పిన మహామహోపాధ్యాయులు ఇంత సులువుగా చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ఇంటికెళ్లి పాఠం ఇంకా కష్టం చేశాను. మర్నాడు ఆ కష్టాన్నీ మింగింది. తప్పులు చేయలేదని కాదు. చేసినప్పుడు నాకు తెలియకుండానే నా చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లేది, తీసి కొంగుతో తుడిచేదాన్ని. నాలుగోరోజు పిల్ల చేతులు జోడించింది.

"తిట్టున్రి మేడం. కొట్టున్రి. గానీ జర అద్దాలు తుడవకున్రి. పానం పోతుంది."

అయిదోరోజు మేనేజరు తలుపు తీసి తల లోపల పెట్టాడు. "ఎంత పర్సెంట్ అయిందండి?"

"గ్రీకా?"

"అవునండి. షీట్‌లో పెట్టాలి."

"అరవై రెండున్నర."

"సూపరండి!" ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసుకుని వెళ్లిపోయాడు. మా ఫాదర్ డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, తనకి సగం గ్రీకు వచ్చినట్టే ఉందని అనుమానంగా చెప్పేవాడు. ఆ లెక్కన మేం ఆయన్ని దాటి పన్నెండున్నర శాతం ముందుకు వెళ్లిపోయాం.

ఏడోరోజుకి నేను నా పథకం మరిచిపోయాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే పథకాలు మరిచిపోయే మనిషిని కాను. మధ్యాహ్నం క్యాంటీన్లో ఇడ్లీ ముందు పెట్టుకుని మేమిద్దరం ఆ పల్లెవైద్యుడి దగ్గుమందు చదువుతున్నాం. ఒక వాక్యం చివరికి వచ్చేసరికి పిల్ల, నేను చెప్పకుండానే, "తేనెల కలిపి పరగడుపున" అనేసింది. అని, తనే భయపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వెయ్యేళ్ల కిందటి దగ్గు ఆ పిల్లకి వినబడింది. నా ఇడ్లీ చల్లారిపోయింది. చల్లారని ఇడ్లీ ఆ క్యాంటీన్లో ఎప్పుడూ లేదనుకోండి.

ఎనిమిదోరోజు పొద్దున్నే పిల్ల ఒక కాగితాల కట్టతో వచ్చింది. ఆ వైద్యగ్రంథం ఆకుల ఫోటోలన్నీ అసలు కొలతలో ప్రింటు తీయించింది. ముఖం మాత్రం అప్పగింతల వేళ పెళ్లికూతురిలా ఉంది.

"మేడం, ఒక మాట అంటా. కోపం చెయ్యొద్దు."

"అను."

"మీరు వెట్టిన వరుస తప్పేమో మేడం."

నా పదహారు పేజీలు! నేను నవ్వాను. ఎలా నవ్వానంటే, ఆ నవ్వుకి ఇంకెవరైనా అయితే రాజీనామా రాసిచ్చేవారు. "అలాగా? ఎనిమిది రోజుల గ్రీకుతో తేల్చావా?"

"గ్రీకుతోని కాదు మేడం. పురుగుతోని."

కాగితాలు బల్ల మీద పరిచింది. ప్రతి ఆకు మీదా పురుగు తిన్న చిల్లి ఉంది. నాలుగేళ్లుగా నేను ఆ చిల్లుల పక్కనున్న అక్షరాలు చదివాను గానీ చిల్లుల్ని ఎన్నడూ చూడలేదు. చిల్లిని ఏం చదువుతాం?

"మా నాయిన లింగంపల్లిల రఫూ చేస్తడు మేడం. చినిగిన బట్టలకు, ఎలుక కొట్టిన చీరెలకు అల్లిక. మడత వెట్టిన పట్టుచీరెను పురుగు తింటదనుకోన్రి, అది గిట్ల ఎగురుకుంట తినదు. ఒక దిక్కు మొదలువెట్టి అవుతలి దిక్కుకు పోతది. పైమడతల పెద్ద చిల్లి, కిందికి పోతాంటే చిన్నగయితది. చీరె విప్పినంక ఏ చిల్లి ఏ మడతదో మా నాయిన వరుస చెప్తడు. గిండ్ల చూడున్రి. మీ వరుసల పెద్ద చిల్లి, మల్ల చిన్నది, మల్ల పెద్దది. పురుగేమన్న లిఫ్టుల పోయిందా మేడం, పైకీ కిందికీ?"

చిల్లుల ప్రకారం ఆకుల్ని మళ్లీ పేర్చింది. పెద్ద చిల్లి నుంచి చిన్న చిల్లి దాకా, కొద్దికొద్దిగా పక్కకి జరుగుతూ, ఆకులు చెదరకముందు పురుగు నడిచిన దారి నేరుగా వచ్చేసింది. ఆ వరుసలో చదివాను. ముందు శీతాకాలపు దగ్గు, జలుబు. తర్వాత వసంతంలో ఒంటి దురదలు. వేసవిలో కళ్లకలక, విరేచనాలు. చివర ఆకురాలు కాలపు జ్వరాలు. తలా లేదు, పాదమూ లేదు. ఆ వైద్యుడు ఏడాది పొడుగునా తన వాకిట్లోకి వచ్చిన రోగుల వరుసలో రాసుకున్నాడు. ఒక్క చిట్కా కూడా అటూ ఇటూ కాలేదు.

నేను ఎంత పండితురాలినో తెలుసా? దురద ఆకు ఎక్కడ పెట్టాలో తోచక, దురద తలలో కూడా వస్తుందని అరపేజీ వాదించాను.

"ఎవరికన్నా చెప్పావా?" అన్నాను.

"లేదు మేడం. చెప్పను కూడా. రివర్స్ కేటీల మీ నోటుల ఉన్నదే చెప్తా." కాగితాలు సర్దుతూ, "నేను మంచిగ అప్పజెప్తే మీ నౌకరి పోతదంట గదా. సెకండరీ ఆయన చాట్‌ల చెప్పిండు" అంది.

ఆ వృత్తానికి చెవులున్నాయన్నమాట.

"అప్పజెప్పకపోతే నీది పోతుంది."

"నాది చిన్న నౌకరి మేడం. వేరేది దొరుకుతది. మీకు దొరకదు." ఏమీ దాచకుండా, ఎదురుగా కూర్చుని, నా ముప్పై ఏళ్ల చరిత్రని రెండు ముక్కల్లో చెప్పేసింది.

పదో రోజు మధ్యాహ్నం మళ్లీ గోదావరిలోనే కూర్చున్నాం. గోడమీది తెర మీద క్లయింట్, ఆ గ్రంథాలయం చూసుకునే తెల్లజుట్టు ఆవిడ. ఆవిడకి గ్రీకు వచ్చు, నవ్వు రాదు. మేనేజరు నలభై స్లయిడ్లు తెచ్చాడు. అందులో ముప్పై తొమ్మిదింటిలో బాణాలున్నాయి, నలభయ్యోదానిలో "థాంక్యూ" ఉంది. నాలుగో బాణం దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది. అమ్మాయి చదవాలంది.

చదివింది. నెమ్మదిగా, వేలు పెట్టుకుని, శంకర్‌పల్లి యాసలో, గ్రీకు. దగ్గుమందు మూడు వరుసలు చదివి అర్థం చెప్పింది. ఆవిడ తల ఊపింది. మేనేజరు గడికి రంగు వేయబోయాడు.

"ఈ ఆకు తర్వాత ఆ ఆకే వస్తుందని ఎలా తెలుసు?" అంది ఆవిడ ఇంగ్లీషులో. "నాకు ఆ నోటు మీద ఎప్పుడూ కొంచెం అనుమానమే."

పిల్ల నా వైపు చూడలేదు. "నోటులో ఉన్నట్టే మేడం, తల నుంచి పాదం దాకా. అంతకుమించి నాకు తెలియదు" అంది, తనూ ఇంగ్లీషులోనే.

ఆవిడ పెదవులు బిగిశాయి. "అయితే ఇలాంటి అనుమానాలు రేపు వస్తే మేం ఎవరిని అడగాలి?"

మేనేజరు నుదుటి మీద చెమట, ఆ ఏసీలో, అరేబియా సముద్రమంత. నేను చూస్తుండగానే నా ఉద్యోగం ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికొచ్చి నా ఒళ్లో కూర్చుంది. నేను నోరు మూసుకుంటే చాలు, అంతకుమించి ఏమీ చేయనక్కర్లేదు. రిటైరయ్యే దాకా రెండు శాలువాలు, ఒక కుర్చీ, వెయ్యేళ్ల అక్షరాలు నావి.

ఒళ్లోకి చూసుకుంటే నా చేతుల్లో కళ్లజోడుంది. కొంగుతో తుడుస్తున్నాను. ఎప్పుడు తీశానో తెలియదు.

"మేడం," పిల్ల గొంతు తగ్గించి తెలుగులో అంది, "అద్దాలు పెట్టుకోన్రి."

"చెప్పు."

"మీ నౌకరి పోతది."

"పోనీ. తెలిసింది తెలియదని చెప్పడం ఏ రోజు నేర్పాను నీకు? ఏ రోజు పాఠం అది?"

"మేడం గారూ, క్లయింట్ లైన్‌లో ఉన్నారండి..." మేనేజరు గొంతు సన్నగా వినిపించింది.

"ఉండనీ. వాళ్లూ వింటారు. చెప్పవే!"

చెప్పింది. పట్టుచీర, మడతలు, పురుగు, వాళ్ల నాయిన. రఫూకి ఇంగ్లీషు తోచక చేతులతో చూపిస్తుంటే ఆ ఒక్క మాట నేను అందించాను. రెండు ఆకులు కెమెరా ముందు పట్టుకుని చిల్లులు చూపింది. ఆవిడ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయింది. తెర మీద ఖాళీ కుర్చీ. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో మా మేనేజరుకి ఎడమ చెవి పక్క జుట్టు నెరిసింది. నేను దగ్గరుండి చూశాను. ఆవిడ అసలు పుస్తకాన్నే చేతుల్లో పెట్టుకుని తిరిగొచ్చింది.

"అమ్మాయి చెప్పిందే నిజం" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మరి మీ నోటు?"

"చింపెయ్యండి."

ఆవిడకి నవ్వు కూడా వచ్చునని అప్పుడు తెలిసింది.

"చాలా బాగా నేర్పారు" అంది. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం ఒళ్లోంచి దిగి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. మేనేజరు బయటికి రాగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మేడం గారూ, ఈ క్వార్టర్‌లో ఇదే బెస్ట్ కేటీ అండి!" సరిగ్గా రెండున్నర సార్లు ఊపాడు. ఏ కాలేజీలో చదివాడో అడగలేదు.

ఇంతా చేసి, వీళ్ల తెలివి ఎక్కడ మెరిసిందో వినండి. వారం తిరక్కుండా ఆ పిల్లని ఇన్సూరెన్స్ ప్రాజెక్టులోకి మార్చారు. అంత చురుకైన మనిషిని గ్రీకులో ఉంచితే వేస్టట. ఇక నా కుర్చీలో ఎవరు? సెకండరీ. ఆ బూడిదరంగు వృత్తం ఇవాళ మూడు రాష్ట్రాలకి ఏకైక గ్రీకు నిపుణుడు. అతనికి ప్రశ్నలేమీ లేవు కదా మరి.

చివరిరోజు కార్డు, హెడ్‌ఫోన్లు అప్పగించాక, హెచ్చార్ అమ్మాయి ఒక ఫారం ముందు పెట్టింది. అందులో ఒక వరుస ఉంది: "ఉద్యోగి వద్ద మిగిలిన జ్ఞానం."

"ఇక్కడ ఏం రాయాలమ్మా?"

"నిల్ అని రాయండి మేడం. అందరూ అదే రాస్తారు."

"కొంచెం మిగిలింది మరి."

"మిగిలితే రిలీవింగ్ లెటర్ రాదు మేడం. సిస్టం తీసుకోదు."

రాశాను. ముప్పై ఏళ్లు, రెండు బస్సులు, రూపాయి బిళ్లంత బొట్టు, నాలుగేళ్ల చలి, అన్నీ కలిపి నిల్. కింద సంతకం చేశాను. ఆ అమ్మాయి పైన ఆకుపచ్చ ముద్ర వేసింది.

శనివారం పొద్దున డోర్‌బెల్ మోగింది. శంకర్‌పల్లి జామకాయల సంచితో, అదే నోటుబుక్కుతో పిల్ల నిలబడి ఉంది. లిఫ్టులో పదో అంతస్తు ఆయన ఎవరింటికని అడిగాడట, ట్యూషన్‌కని చెప్పిందట. దేనికంటే గ్రీకుకంది. ఆయన ఊరుకుంటాడా?

"ప్యాకేజీ ఎంతుంటదని అడిగిండు మేడం."

"ఏం చెప్పావు?"

"నేర్పిన మేడంకు ఉన్న నౌకరి పోయింది అంకుల్ అన్న. ఆయన గమ్మున దిగిపోయిండు."

కూర్చుంది. నోటుబుక్కు మాత్రం తెరవలేదు. నా మొహంలోకి చూస్తూ, నవ్వు ఆపుకుంటోంది.

"హెచ్చార్ల చెప్పిన్రు మేడం. మీ దగ్గర ఇగ ఏం మిగలలేదని సంతకం వెట్టిన్రంట గదా."

"పెట్టాను."

"మరి ఇప్పుడు నాకు ఎట్ల నేర్పుతరు?"

"నేనెక్కడ నేర్పుతాను? అంతా నీకు ఒంపేశాను కదా. ఇకనుంచి నువ్వు చదువు, నేను వింటాను."

పిల్ల పుస్తకం తెరిచి, వేలు పెట్టి, మొదటి మాటే తప్పు చదివింది. నా చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది. ఆపాను. "మళ్లీ చదువు" అన్నాను.